కదలని బుద్ధుడు, ఆగని తెర

ప్రశ్న: 2019 డిసెంబరులో లండన్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు టేట్ మోడర్న్ మ్యూజియంలో వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ ప్రదర్శన చూశాను. ఒక బుద్ధ విగ్రహం, దాని ఎదుట టీవీ, టీవీలో అదే బుద్ధుడు. విగ్రహమూ కదలదు, తెర మీది బొమ్మా కదలదు. మరి దీన్ని వీడియో శిల్పమని ఎందుకంటారు? ఆ టీవీ పాడైపోతే కళాఖండం పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు చూసింది 1974 నాటి ‘టీవీ బుద్ధ’. సియోల్‌లో 1932లో పుట్టి, సంగీతం చదువుకోవడానికి జర్మనీ వెళ్లి, అక్కడే టెలివిజన్ వైపు మళ్లిన పైక్, న్యూయార్క్‌లోని బొనీనో గ్యాలరీలో తన ప్రదర్శనకు ఒక గోడ ఖాళీగా మిగిలితే దాని కోసం దీన్ని అమర్చారు.

బొమ్మ కదలనంత మాత్రాన అది నిలిచిపోయిన చిత్రం కాదండీ. టీవీ వెనుక ఉన్న కెమెరా విగ్రహాన్ని ఎడతెగకుండా చూస్తూ, ఆ దృశ్యాన్ని అప్పటికప్పుడు తెర మీదికి పంపుతూనే ఉంటుంది. ముందే తీసి పెట్టుకున్న టేపు ఏదీ ఇందులో లేదు. ఈ కృతి మళ్లీ ఎక్కడైనా ఎదురైతే, వెళ్లనిచ్చినంత మేర విగ్రహం వెనుకకు వెళ్లి నిలబడండి. బుద్ధుడి భుజం పక్కన మీ ముఖమో, చీరకొంగో తెర మీద కనిపిస్తుంది, మీరు తప్పుకోగానే మాయమవుతుంది, ఆయన మాత్రం అలాగే కూర్చుని ఉంటాడు. అదే ఏడాది కొలోన్‌లో విగ్రహానికి బదులు పైక్ తానే టీవీ ముందు కూర్చున్నారు.

ఇక శిల్పం సంగతి. విగ్రహాన్ని శిల్పమనీ, టీవీని దాన్ని చూపించే పరికరమనీ విడదీస్తే ఈ కృతి మనకు అందదు. గుండ్రటి ఆ తెల్లని చిన్న టీవీ కూడా విగ్రహమంత శిల్పమే. రెండింటి మధ్య వదిలిన జాగా అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మీది గుంటూరు కనుక అమరావతి ఫలకాలు గుర్తుకు తెచ్చుకోండి. అక్కడి తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా, ఖాళీ ఆసనంతో, పాదముద్రలతో ఆయన ఉనికిని తెలిపారు. ఖాళీ చోటు కూడా శిల్పంలో భాగమేనని మన ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కర లేదు.

టీవీ పాడవడం గురించి మీరు అడిగింది మ్యూజియంలకు నిజంగానే పెద్ద చిక్కు. సియోల్ దగ్గరి గ్వాచన్‌లో 1988లో పైక్ 1,003 టీవీలతో ఒక గోపురం కట్టారు. కొరియా అవతరణ దినమైన అక్టోబరు 3ను, అంటే పదో నెల మూడో తేదీని, ఆ అంకె సూచిస్తుంది. పిక్చర్ ట్యూబులు అరిగి, ప్రమాదం పొంచి ఉండటంతో 2018లో దాన్ని ఆపేశారు. పాత విడిభాగాలు వెతికి తెచ్చి 737 టీవీలను బాగుచేశారు, పై వరుసల్లోని 266 చిన్న తెరలకు మాత్రం ఎల్‌సీడీలు అమర్చారు, 2022లో తిరిగి వెలిగించారు. కళాఖండం పోలేదు, కానీ కొంత మారింది. పిక్చర్ ట్యూబుకు ఉబ్బెత్తు గాజూ, వెనుక లోతూ ఉంటాయి. పలుచని తెరకు ఆ ఒళ్లు లేదు. కళ్లకు అందనంత ఎత్తులో ఆ మార్పును ఒప్పుకోవచ్చు గానీ, బుద్ధుడి ఎదుట మాత్రం పిక్చర్ ట్యూబు దొరికినంత కాలం దాన్నే ఉంచాలని నేను గట్టిగా కోరుకుంటాను.