బ్రెగ్జిట్ సంగతి తర్వాత, ముందు ఆ చెరువు అమ్మకం ఆపండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తున్నాం, కొంత సొంతం, కొంత లీజు. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. యూకేలో ఎంఎస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్ చేస్తానంటోంది. అన్నీ కలిపి 30 లక్షలు అవుతుందన్నారు. సొంత చెరువులో ఎకరంన్నర అమ్ముదామనుకుంటున్నాం. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక ఆ దేశం పనైపోయిందని మా బావమరిది అంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్ళేమో యూరప్ వాళ్ళంతా వెళ్ళిపోయారు, ఆ ఉద్యోగాలన్నీ ఇక మనవాళ్ళకే అంటున్నారు. నెలాఖరులోగా డిపాజిట్ కట్టమంటున్నారు. యూకేకి పంపాలా, ఐర్లాండ్ పంపాలా? రెండూ పోల్చి చెప్పగలరు.

జవాబు: పోల్చి చెబుతానండీ. కానీ ఈ ప్రశ్న ఏటా వేసవిలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. దేశం పేరు మారుతుందంతే. ఒకప్పుడు ఆస్ట్రేలియా, తర్వాత కెనడా, ఇప్పుడు యూకే, ఐర్లాండ్, జర్మనీ. అడిగేది దేశం గురించే అయినా లోపల ఉన్న భయం వేరు. భూమి అమ్మి పంపాక పిల్ల ఉద్యోగం లేకుండా తిరిగొస్తే ఎలా? ఊళ్ళో ఏమని చెప్పుకోవాలి? మీ ఉత్తరంలో ఈ మాట ఎక్కడా లేదు. కానీ ఎకరంన్నర అని రాసిన వాక్యంలో అదే కనిపించింది నాకు. అందుకే ఐఈఎల్‌టీఎస్ స్కోరు, ఎస్‌వోపీ లాంటి అడ్మిషన్ కాగితాల సంగతులు వదిలేస్తున్నాను. అవి మీ అమ్మాయికి నాకన్నా బాగా తెలిసే ఉంటాయి.

ముందు మీ బావమరిది మాట చూద్దాం. బ్రిటన్‌లో 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం, అంటే బ్రెగ్జిట్, మీద ఓటింగ్ జరిగింది. బయటికి పోదామన్నవాళ్ళు 51.9 శాతం. 2020 జనవరి 31న దేశం అధికారికంగా యూనియన్ వదిలింది. ఆ ఏడాది చివరిదాకా పాత నిబంధనలే నడిచాయి. అసలు మార్పు 2021 జనవరి 1 నుంచి మొదలైంది. యూరప్‌తో కుదిరిన ఒప్పందంలో సరుకుల మీద సుంకం లేదు, కోటా లేదు. మరి దెబ్బ ఎక్కడ తగిలింది? కాగితాల్లో.

రొయ్యల రైతుగా మీకు ఇది నాకంటే తేలిగ్గా అర్థమవుతుంది. మన చెరువుల రొయ్య యూరప్ వెళ్ళాలంటే యాంటీబయాటిక్ పరీక్షలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. 2016 నుంచి అక్కడి రేవుల్లో మన కన్‌సైన్‌మెంట్లలో సగం వాటికి పరీక్ష తప్పనిసరి చేశారు. యూనియన్‌లో ఉన్నంత కాలం బ్రిటన్ జాలర్లకు ఈ బాధ లేదు. వాళ్ళ తీరంలో పట్టిన మస్సెల్స్, ఆల్చిప్పలు బతికుండగానే లారీలో ఫ్రాన్స్, హాలండ్ వెళ్ళి అక్కడే శుద్ధి అయ్యేవి. 2021 జనవరి నుంచి బ్రిటన్ కూడా మనలాగే బయటి దేశమైపోయింది. కాస్త తక్కువ శుభ్రత ఉన్న నీళ్ళలో, వాళ్ళు బి తరగతి అంటారు, పట్టినవాటిని శుద్ధి చెయ్యకుండా బతికున్నవాటిగా పంపడం ఒక్కసారిగా ఆగిపోయింది. నీళ్ళు మారలేదు, సరుకు మారలేదు, మారిందల్లా దేశం ఏ వరసలో నిలబడిందన్నదే. మిగతా చేపలకు పశువైద్యుడి సంతకం ఉన్న ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ డిక్లరేషన్, సరుకు ఎక్కడ తయారైందో చెప్పే రుజువు కావాల్సి వచ్చాయి. పెద్ద కంపెనీలు మనుషుల్ని పెట్టుకుని నెట్టుకొచ్చాయి. చిన్నవాళ్ళు చాలామంది యూరప్‌కి పంపడమే మానుకున్నారు.

దీన్నంతా కలిపి బ్రిటన్ ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ, ఓబీఆర్, ఒక లెక్క చెప్పింది. యూనియన్‌లోనే ఉండి ఉంటే ఉండే ఉత్పాదకత (చేసిన పనికి వచ్చే ఉత్పత్తి) కంటే, దీర్ఘకాలంలో సుమారు 4 శాతం తక్కువగా ఉంటుందని. అమ్మాయి ఎకనామిక్స్ విద్యార్థి కాబట్టి ఇక్కడ ఆగి దేనితో పోలిస్తే అని అడగాలి. ఇది నిన్నటితో పోల్చిన లెక్క కాదు, జరగని చరిత్రతో పోల్చింది. మధ్యలో కోవిడ్ వచ్చింది, ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, వాటినీ దీన్నీ విడదీయడం మీద ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. అంటే మీ బావమరిది సగం కరెక్ట్. ఆ దేశం మునిగిపోలేదు, ఎదగాల్సినంత ఎదగలేదు. అలాంటి దేశంలో కొత్తగా డిగ్రీ తీసుకున్న విదేశీ పిల్లను ఉద్యోగంలో పెట్టుకోవడానికి కంపెనీలు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాయి.

ఇక కన్సల్టెన్సీ వాళ్ళ మాట. యూరప్ వాళ్ళు తగ్గింది నిజమే. కానీ ఏ పనుల్లో? లారీ డ్రైవర్లు, పళ్ళ తోటల్లో కోత కోసేవాళ్ళు, హోటళ్ళు, వృద్ధుల సంరక్షణ. 2021లో డ్రైవర్లు లేక పెట్రోల్ బంకుల ముందు బారులు తీరారు, ప్రభుత్వం హడావిడిగా తాత్కాలిక వీసాలు ఇచ్చింది. మీ అమ్మాయి ఎంఎస్సీ చేసి లారీ నడపబోవడం లేదు కదా! వృద్ధుల సంరక్షణ వీసా 2022లో తెరిచారు, 2025 జులైలో విదేశాల నుంచి కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశారు. ఖాళీలన్నీ మనకే అన్న మాట ఇక్కడితో సరి.

వాళ్ళు చెప్పనిది ఒకటుంది. చదువయ్యాక ఉండి పని చేసుకునే వీసాను బ్రిటన్ 2012లో తీసేసింది. 2021లో రెండేళ్ళకు మళ్ళీ ఇచ్చింది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు దాన్ని 18 నెలలకు తగ్గించింది. స్కిల్డ్ వర్కర్ వీసాకి కనీస జీతం 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి 38,700కి, 2025 జులైలో 41,700కి పెరిగింది. చదువు పూర్తిచేసి కొత్తగా చేరేవాళ్ళకు మినహాయింపు ఉంది, అదీ 33,400 పౌండ్లు. మన లెక్కలో ఏడాదికి 38 లక్షల పైమాటే. వలసలు తగ్గించుకుందామని ఓటేసిన దేశంలో, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి వచ్చినవాళ్ళలోంచి పోయినవాళ్ళను తీసేస్తే తొమ్మిది లక్షల మంది మిగిలారు. యూరప్ వాళ్ళు తగ్గి మనవాళ్ళు, నైజీరియా వాళ్ళు పెరిగారు. ఆ కోపం ఇప్పుడు నిబంధనల రూపంలో వస్తోంది. మీ అమ్మాయి విమానం ఎక్కినప్పటి రూలు, పట్టా తీసుకున్నప్పటి రూలు ఒకటే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేనూ ఇవ్వలేను.

ఇప్పుడు కోర్సు సంగతి. దీని మీద నాకు దేశం కంటే ఎక్కువ అనుమానం ఉంది. ఎంఎస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్ అనే పేరు వినడానికి బాగుంటుంది, పెళ్ళి సంబంధాల్లోనూ బాగుంటుంది. అందులో చాలాచోట్ల చెప్పేది కాస్త మార్కెటింగ్, కాస్త అకౌంట్స్, కాస్త మేనేజ్‌మెంట్, చివర్లో డిసర్టేషన్ అనే ఒక పరిశోధనా వ్యాసం. ఏడాదిలో అయిపోతుంది. సెప్టెంబరులో దిగిన పిల్ల అక్టోబరుకల్లా ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టాలి, అప్పటికింకా అద్దె ఇల్లు కూడా కుదిరి ఉండదు. ఎంచుకోవడానికి ఇంగ్లీషు బాగా వచ్చిన స్థానిక పిల్లలు వందల మంది ఉండగా, స్పాన్సర్‌షిప్ (విదేశీయులకు వీసా ఇప్పించే) ఖర్చు పెట్టుకుని ఈ అమ్మాయినే తీసుకోవాలంటే కంపెనీకి ఒక కారణం కావాలి. డేటా మీద పని చేయడమో, ఒక రంగం లోతుగా తెలియడమో ఆ కారణం అవుతుంది. 'ఇంటర్నేషనల్' అన్న పేరుకి అంత బలం లేదు.

మరి ఈ కోర్సులు ఇన్ని ఎందుకు పుట్టాయి? ఇంగ్లండ్‌లో స్థానిక డిగ్రీ విద్యార్థి ఫీజు మీద ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెట్టింది. 2017 నుంచి 2025 దాకా అది 9,250 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది. బ్రెగ్జిట్ తర్వాత యూరప్ పిల్లలూ విదేశీ ఫీజు కట్టాల్సి వచ్చేసరికి వాళ్ళ సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి యూనివర్సిటీలకు మన పిల్లలు కావాలి. వాళ్ళను తెచ్చే ఏజెంటుకి కమిషన్ ఇస్తాయి. మీ దగ్గర పైసా తీసుకోకుండా సేవ చేస్తున్నామని చెప్పే కన్సల్టెన్సీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి అడిగి చూడండి. అందరూ మోసగాళ్ళని అనను, మంచివాళ్ళూ ఉన్నారు. అమ్మేవాడి దగ్గర సలహా తీసుకుంటున్నామన్న ఎరుక ఉంటే చాలు.

ఐర్లాండ్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ దేశం యూనియన్‌లోనే ఉంది, మాట్లాడేది ఇంగ్లీషే. లండన్ నుంచి కొన్ని బ్యాంకులు, ఫండ్ కంపెనీలు తమ యూరప్ వ్యాపారం కోసం డబ్లిన్‌లో ఆఫీసులు పెంచుకున్నాయి. మాస్టర్స్ చేస్తే రెండేళ్ళు ఉండి పని వెతుక్కోవచ్చు. అయితే దేశం చిన్నది, డబ్లిన్‌లో అద్దె ఇల్లు దొరకడమే ఒక పరీక్ష. ఐర్లాండ్‌లో ఉద్యోగం వస్తే యూరప్ అంతా పని చేసుకోవచ్చని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అది తప్పు. ఆ పర్మిట్ ఐర్లాండ్ వరకే. చూసి రావడానికి పారిస్ వెళ్ళాలన్నా వేరే వీసా కావాలి. ఉద్యోగ అవకాశాల్లో ఐర్లాండ్ కాస్త మెరుగనుకుంటాను, ఈ కోర్సుకే అయితే రెండుచోట్లా నా అనుమానం ఒకటే.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మీ ఉత్తరంలో బావమరిది ఉన్నాడు, కన్సల్టెన్సీ ఉంది, చెరువు ఉంది. అమ్మాయికి మాత్రం ఒక్క వాక్యం. ఆమెకు ఎకనామిక్స్‌లో ఏది నచ్చింది, మార్కులెన్ని, ఏ పని చేయాలనుంది, ఏదీ లేదు. సీడ్ తెచ్చేముందు రోగాలు లేవని చెప్పే పీసీఆర్ రిపోర్టు చూడకుండా చెరువులో రొయ్యపిల్లను వదలరు మీరు. 30 లక్షల కోర్సుకి మీరు చూసిన రిపోర్టు ఏది? బ్రోచరా? పైగా సంపాదన తెచ్చే చెరువును అమ్మడం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు డెల్టాలో రొయ్య రైతు ఎలా అల్లాడాడో మీరు చూశారు. కౌంటు ధర, అంటే రొయ్య సైజును బట్టి వచ్చే రేటు, పడిపోయిన రోజున ఇంట్లో మిగిలేది ఆ సొంత ఎకరాలే. దయచేసి అమ్మొద్దు.

అమ్మాయి పంతం పట్టినా బ్యాంకు లోన్ దగ్గరే ఆగండి. 30 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్ళ వాయిదాల్లో తీర్చాలంటే నెలకు సుమారు 41 వేలు. చదువుకునే రోజుల వడ్డీ అదనం. హైదరాబాద్‌లో వచ్చే తొలి ఉద్యోగంతో ఆ వాయిదా కట్టగలమా అని లెక్క వేయండి. కట్టలేమనిపిస్తే అప్పు తగ్గించుకోవాలి, లేదా ప్రయాణం వాయిదా వేయాలి. రూలు ఎటు మారినా మునగని లెక్క అదొక్కటే.

టెన్షన్ పడకండి అని ఊరికే అనడం లేదు. బీటెక్ చేయించకపోవడం తప్పైపోయిందేమోనని మీకు లోపల ఉంటే తీసేయండి. దేశాలు కూటములు వదలడం, కొత్త ఒప్పందాలు రాసుకోవడం, సుంకాలు ఎత్తడం దించడం, ఇవన్నీ ఆమె చదివే సబ్జెక్టే. భారత్ 2019 నవంబరులో ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్‌లో చేరకుండా ఆగిపోయింది. 2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. యూనియన్‌లో ఉండి ఉంటే బ్రిటన్ ఒంటరిగా ఆ సంతకం పెట్టగలిగేదే కాదు. ఆ ఒప్పందం ప్రకారం మన రొయ్యకు అక్కడ సుంకం పోతుంది. సుంకం పోవాలంటే సరుకు ఇక్కడిదేనని నిరూపించే పత్రాలు కావాలి, ఆ పత్రాలు చదవగలిగిన మనుషులు కావాలి. మీ చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, కాకినాడ రేవులో బియ్యం ఎగుమతి చేసే ఆఫీసుల్లో ఆ పని రోజూ ఉంది. డాక్యుమెంటేషన్ విభాగంలో ఒక ఏడాది కూర్చుంటే తర్వాత ఏ దేశం వెళ్ళినా ఆమె చెప్పుకోవడానికి ఒక పని ఉంటుంది. పైచదువుకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ ఉంది, చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉంది. విదేశీ వాణిజ్యమే కావాలంటే ఆ చదువుకే పెట్టిన ఐఐఎఫ్‌టీకి క్యాట్ అనే ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాయాలి, ఆ సంస్థ క్యాంపస్ మన కాకినాడలోనే ఉంది.

ఇదంతా విన్నాక కూడా యూకేకే వెళ్తానంటే వెళ్ళనివ్వండి, అడ్డుపడొద్దు. కాకపోతే కోర్సు మార్చమనండి. లెక్కలు, డేటా ఉన్న ఎంఎస్సీ ఎకనామిక్స్ చూడమనండి. స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటుంది, తనకు కావలసిన రంగంలో అందులో ఎవరెవరున్నారో ఆమెనే వెతకమనండి. ఒక ఆదివారం ఆ పని చేసి వచ్చి మీకు వివరించగలిగితే, నా అనుమానాల్లో సగం తీసేసుకుంటాను.

నెలాఖరు డిపాజిట్ గడువు దాటిపోతే పోనివ్వండి. ఇలాంటి కోర్సులు చాలావాటికి జనవరిలోనూ చేర్చుకుంటారు, లేదంటే మళ్ళీ సెప్టెంబరు ఉండనే ఉంది. సీటు ఖాళీగా ఉంటే కన్సల్టెన్సీ వాళ్ళే మళ్ళీ ఫోన్ చేస్తారు.