ఒకే మాటలో రెండు వలసలు

ప్రశ్న: ఈమధ్య ఒక ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. వలసలు, జ్ఞాపకాలు, వలస పాలన మీద అని బోర్డు పెట్టారు. తల లేని బొమ్మలకి రంగురంగుల పూల గుడ్డతో దొరల కోట్లు తొడిగారు, ఒక గోడంతా కరెంటు వైర్లతో చేసిన ప్రపంచ పటం. అందరూ తలలూపుతున్నారు, నాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. అయినా పొట్ట చేతపట్టుకుని పోయిన కూలీకీ, ఏలడానికి వచ్చిన దొరకీ ఒకే హాల్లో ఏం పని?
- ఒక పాఠకురాలు

జవాబు: తలలూపిన వాళ్లలో చాలామందికీ ఎక్కి ఉండదు లెండి. మీ చివరి ప్రశ్నకి జవాబు మన భాషలోనే ఉంది: బతుకుతెరువుకి పోవడమూ వలసే, పరాయి దేశం మీద పెత్తనమూ వలస పాలనే. చరిత్రలో కూడా ఈ రెండూ ఒకే ఓడెక్కాయి. బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు తోటలకి మనుషులు కావలసొచ్చి, 1834 నుంచి ఒక్క మారిషస్‌కే మన దేశం నుంచి లక్షల మందిని కాంట్రాక్టు మీద తరలించారు. ఫిజీ వెళ్లినవాళ్ల నోట ఆ అగ్రిమెంటే ‘గిర్మిట్’ అయింది.

ఇక తల లేని బొమ్మలు. అవి యింకా షోనిబారే అనే ఆర్టిస్టు పద్ధతి. లండన్‌లో పుట్టి నైజీరియాలో పెరిగిన మనిషి. చూడాల్సింది బొమ్మని కాదు, గుడ్డని. అందరూ ఆఫ్రికా గుడ్డ అనుకునే ఆ ముద్రల బట్టకి మూలం ఇండోనేషియా బాతిక్, దాన్ని మిషన్ మీద కాపీ కొట్టింది డచ్చివాళ్లు, అమ్ముడుపోయింది పశ్చిమ ఆఫ్రికాలో, ఈయన కొనుక్కొచ్చింది లండన్ బజార్లో! 2003లో చేసిన ఒకదాంట్లో అలాంటి బొమ్మలు 14 ఒక బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుంటుంటాయి, బల్ల మీద ఆఫ్రికా పటం ఉంటుంది. 1884-85లో బెర్లిన్‌లో కూర్చుని ఆ ఖండం మీద హక్కులు తేల్చుకున్న దొరలు వాళ్లు. తలలెందుకు లేవో మీరే ఊహించుకోండి.

వైర్ల పటం రీనా సైనీ కల్లాట్ అనే ఆర్టిస్టు చేసినట్టుంది. వైరు మాటని మోసుకెళ్లేది కదా, ఆవిడ దాన్నే ముళ్లకంచెలా మెలితిప్పింది. మనుషులు వెళ్లిన దారులూ అవే, ఆపిన కంచెలూ అవే. ఈసారి వెళ్తే దగ్గరగా నిలబడి ఒక్క దారి పట్టుకుని చూడండి, స్పీకర్లలోంచి శబ్దం కూడా వస్తుంది. గోడ పక్కన అంటించిన వ్యాసం తర్వాత చదవొచ్చు, నాకైతే అది ముందు చదివితే బొమ్మ కనిపించడం మానేస్తుంది.

జ్ఞాపకం సంగతి అడిగితే నేను జరీనా అనే ఆర్టిస్టుని చూపిస్తాను. అలీగఢ్‌లో పుట్టి దేశాలు తిరిగిన ఆవిడ, 1999లో చెక్క అచ్చులతో 36 చిన్న బొమ్మలు వేసింది. ఇల్లు, గడప, తలుపు... ఒక్కో దాని కింద ఒక్కో ఉర్దూ మాట, పైన నాలుగు నల్ల గీతలు, అంతే. మనుషులే ఉండరు. నాకు షోనిబారే కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

ప్రశ్న: ఇన్ని ఎగ్జిబిషన్లు పెట్టే బదులు ఎత్తుకెళ్లినవి తిరిగిచ్చేస్తే పోదా?
- మరో పాఠకుడు

జవాబు: కొందరు ఇస్తున్నారు. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరంలో దోచిన కంచు శిల్పాల్లో కొన్నిటిని జర్మనీ 2022లో నైజీరియాకి అప్పగించింది. బ్రిటిష్ మ్యూజియంలో బెనిన్ వస్తువులు ఇంకా 900కి పైనే ఉన్నాయి, అడిగితే 1963 నాటి చట్టం అడ్డమంటారు. ఆ చట్టం రాసుకున్నదీ వాళ్లే కదా!