నీళ్ళు తోడకముందే ఫోటో తియ్ తమ్ముడూ

కావలి నుంచి పోయినేడాది న్యూజెర్సీ వెళ్ళిన ఓ తమ్ముడు అడిగాడు: "అన్నా, వానకి మా బేస్‌మెంట్ రూములోకి నీళ్ళొచ్చాయి. కార్పెట్ తడిసి వాసనొస్తోంది. ఓనరేమో ఫ్యాన్ పెట్టుకోమంటున్నాడు. ఈ నష్టం ఎవరు భరించాలి?"

తమ్ముడూ, సెలవు పెట్టి వచ్చి నెల్లూరులో అమ్మ దగ్గరే ఉన్నా ఇప్పుడు. నేను కూర్చున్న హాల్లో గోడకి మోకాలెత్తున ఒక మట్టి గీత ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయే, అప్పటి నీళ్ళది. రెండుసార్లు సున్నం కొట్టినా పోలేదు. అమ్మ రెండు రోజులు మిద్దె మీదే ఉంది. నీళ్ళు తీశాక వీధిలోవాళ్ళు నలుగురొచ్చి, పారలతో ఒండ్రు ఎత్తిపోసి, బ్లీచింగ్ పౌడర్ చల్లి, టిఫిన్ తిని పోయారు. కిటికీలు తెరిచిపెడితే ఇటుక గోడ నిదానంగా అదే ఆరింది. మన బుర్రలో ఉండే వరద ఇదీ. ఈ బుర్రతోనే నేను అమెరికాలో రెండుసార్లు దెబ్బతిన్నాను.

మొదటిది 2010 జనవరి. చలికి పైవాళ్ళ పైపు పగిలి నీళ్ళన్నీ మా ఫ్లాట్‌లోకి దిగాయి. టవళ్ళతో తుడిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆఫీసుకి పోయా. సాయంత్రానికి కార్పెట్ పైన పొడిగా ఉంది, నా తెలివికి నేనే మురిసిపోయా. నాలుగోరోజు మూల పట్టుకుని ఎత్తితే కింద ప్యాడ్ స్పాంజిలా నీళ్ళు కక్కింది. తడి గోనెసంచి వాసన. మంచం కింద సూట్‌కేసులో నా డిగ్రీ సర్టిఫికెట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఓనరు ఒకటే మాట చెప్పాడు: గోడలూ కార్పెట్టూ నావి, సామాను నీది. సామానుకి రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉండాలట. నెలకి పదిహేను డాలర్లు మిగుల్తాయని నేనే వద్దన్నా. పోయింది 1,400 డాలర్లు. అప్పటి 46 రూపాయల రేటుకి 64,400. ఆ గుణకారం చేస్తూ రాత్రంతా నిద్రపోలేదు. ఇప్పటికీ డాలరు ఖర్చుపెట్టే ముందు గుణిస్తా, నా భార్య నవ్వుతుంది.

రెండోది సొంత ఇంట్లో. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను తాలూకు వాన. అక్కడ సంపు అంటే మన నీళ్ళ సంపు కాదు, బేస్‌మెంట్‌లోకి ఊరే నీటిని బయటికి తోడడానికి తవ్విన గుంట. కరెంటు పోయింది, పంపు ఆగింది, తెల్లారేసరికి పిక్కల్లోతు నీళ్ళు. హోమ్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఫోన్ చేస్తే, వరద నీళ్ళు మామూలు పాలసీలో రావన్నారు. సంపు పొంగితే ఇచ్చే కవరేజీ విడిగా కొనాలట. ఆ కంగారులో పొద్దున్నే ట్రక్కు వేసుకొచ్చిన క్లీనింగ్ కాంట్రాక్టర్ ఒకాయన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేశా. నాలుగడుగుల ఎత్తున గోడ కోసేసి, తడి ఆరబెట్టే మిషన్లు ఆరు పెట్టి, రోజుకింత అని బిల్లు వేశాడు. గోడ కోయడం తప్పు కాదులే. అక్కడి గోడలు అట్టముక్కల్లాంటివి, నీళ్ళు పైకి పీలుస్తాయి. రేటు అడక్కపోవడమే నా తప్పు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. హెచ్‌1బి వాణ్ణి, ప్రభుత్వం నాకేమిస్తుందిలే అని ఫీమాకి, అంటే విపత్తుల్లో సాయం చేసే అక్కడి ప్రభుత్వ సంస్థకి, అప్లై చెయ్యలేదు. అక్కడే పుట్టిన మా పాప పేరు మీద అడగొచ్చని గడువు దాటాక పక్కవీధి ఒంగోలాయన చెప్పాడు. అడిగినా చూపించడానికి నా దగ్గర ఏముంది? సోఫా, కార్పెట్టు ఒక్క ఫోటో కూడా తియ్యకుండా రోడ్డు పక్కన పడేశా. మీ తరం బిర్యానీ ప్లేటుకి నాలుగు ఫోటోలు తీస్తారు, తడిసిన కార్పెట్‌కి ఒక్కటీ తియ్యరు.

నీ సంగతికొస్తే, నీళ్ళలో కాలు పెట్టేముందు ఆ రూముకి కరెంటు తీసెయ్. ఆ బ్రేకర్ దగ్గరికే నీళ్ళలో నడిచి పోవాల్సొస్తే వద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఐడా రాత్రి న్యూయార్క్‌లో బేస్‌మెంట్లలో మనుషులే పోయారు, నేనేమో డాలర్ల గోల చెప్తున్నా. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి ప్యాడ్ తీయించాల్సిందే. ఫ్యాన్ ఒక్కటే చాలదు, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయ్యర్ మిషను అద్దెకి తెచ్చుకో. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న క్లీనర్ కలపొద్దు, ఆ పొగ ఊపిరాడనివ్వదు. వరద పాలసీ ఇవాళ కొంటే మామూలుగా 30 రోజుల తర్వాతే పనిచేస్తుంది. మిగతా రూల్స్ ఫీమా వెబ్‌సైట్‌లో చూసుకో.

ఓనరుకి ఫోన్ చెయ్యకు, తారీఖు వేసి ఈమెయిల్ పెట్టు, ఫోటోలు జతచెయ్. తర్వాత కూర్చుని పోయిన సామాను లిస్టు రాయి, చెప్పులతో సహా. నేను ఐడా తర్వాత మూడు పేజీలు రాశా. అమ్మ నెల్లూరు నుంచి మోసుకొచ్చిన వెట్ గ్రైండర్ రాయడం మాత్రం మర్చిపోయా. నిన్న గూడా అడిగింది, "ఆ గ్రైండర్ ఏమైందబ్బయ్యా?" అని.