మేనల్లుడు జాంగో అంటున్నాడు, నమ్మొచ్చా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఒకటి చదవగానే దీనికి వివరంగా రాయాల్సిందే అనిపించింది, ఎందుకంటే ఇలాంటి షాపులు మన వైజాగ్‌లో చాలా ఉన్నాయి. గాజువాక ఆటోనగర్ నుంచి ఒకాయన అడిగారు:

"మాది లారీ స్పేర్ పార్ట్స్ షాపు. కౌంటర్లో ముగ్గురం బిల్లులు కొడతాం, స్టాకు ఎక్సెల్‌లో రాస్తాం. ఆ ఫైలు వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగి సాయంత్రానికి ఏది అసలుదో ఎవరికీ తెలీట్లేదు. మా మేనల్లుడు బీటెక్ ఫైనలియర్, జాంగో అని ఫ్రీగా దొరుకుతుంది మావయ్యా, దాంతో మనకి సొంతంగా చేసేస్తా అంటున్నాడు. ఓపెన్ సోర్స్ అంట. అంటే మా లెక్కలు కూడా అందరికీ ఓపెన్ అయిపోతాయా? రేపు డబ్బులు కట్టమంటే?"

సార్, ముందు ఆ భయం తీసేస్తాను. జాంగో అంటే వెబ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కట్టుకోడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ముందే రాసిపెట్టిన సామాను, దీన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఓపెన్ అయ్యేది ఆ జాంగో కోడు మాత్రమే, మీ డేటా కాదు. బీరువా ఎలా చేస్తారో ఊరందరికీ తెలిసినా మీ బీరువా తాళం మీ మొలతాడుకే ఉంటుంది కదా, అంతే. డబ్బులు కూడా అడగరు, అది బీఎస్‌డీ లైసెన్స్, వ్యాపారానికి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మీరు కట్టించుకున్న సాఫ్ట్‌వేర్ కోడు ఎవరికీ చూపించక్కర్లేదు. ఇది నిన్నగాక మొన్న వచ్చింది కూడా కాదు. 2003లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ అనే ఊళ్ళో ఒక న్యూస్‌పేపర్ ఆఫీసులో మొదలైంది, అక్కడ పొద్దున అడిగిన పేజీ సాయంత్రానికి కావాలి, అందుకే ప్రతిసారీ మొదట్నుంచి రాయకుండా ఉండేలా దీన్ని తయారుచేసుకున్నారు, 2005 జూలైలో అందరికీ ఇచ్చేశారు. 2008 నుంచి ఒక ఫౌండేషన్ చూసుకుంటోంది. ఇన్‌స్టాగ్రామ్ దీని మీదే కట్టారు.

మేనల్లుడు దీన్ని ఎంచుకోవడం మంచి పనే. మీ షాపులో ఏమేం వస్తువులు ఉన్నాయి, పార్ట్ నంబర్ ఏంటి, ఏ కంపెనీది, ఏ ర్యాకులో ఉంది అని పైథాన్‌లో పది లైన్లు రాస్తే డేటాబేస్‌లో టేబుల్ అదే కట్టేస్తుంది, రేపు ఇంకో కాలమ్ కావాలంటే మైగ్రేషన్ అని రెండు కమాండ్లు కొడితే ఉన్న డేటా పోకుండా చేరుస్తుంది. దాంతోపాటు అడ్మిన్ అని రెడీమేడ్ స్క్రీన్ వచ్చేస్తుంది, లాగిన్లు, ఎవరు ఏం చెయ్యొచ్చు అన్నది అన్నీ అందులోనే, కౌంటర్ కుర్రాడు బిల్లు వెయ్యగలడు గానీ తీసెయ్యలేడు అని టిక్ పెడితే చాలు. నెలలు పట్టే పని ఇది, మీకు ఊరికే వస్తోంది.

కానీ టేబుళ్ళు ఎలా ఉండాలో జాంగోకి తెలీదు, అది మీకే తెలుసు. అందుకే అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచే ముందు ఇద్దరూ కూర్చుని మీ చిట్టా పుస్తకం చూస్తూ కాగితం మీద రాసుకోండి, సరుకు ఎలా వస్తుంది, ఎలా పోతుంది, రిటర్న్ వస్తే ఎవరు రాస్తారు, అరువు ఖాతా ఎక్కడ. ఫైనలియర్ కుర్రాళ్ళు ప్రాజెక్టుల్లో చేసేవాటికీ షాపులో నడిచేవాటికీ తేడా ఎక్కడొస్తుందో చెప్తాను, అబ్బాయికి చదివి వినిపించండి.

మొదటిది స్టాకు. ర్యాకులో 12 బ్రేక్ లైనింగులు ఉన్నాయనుకోండి, ఒకే టైముకి ఒకరు 10 అమ్మారు, పక్క కౌంటర్లో ఇంకొకరు 5 అమ్మారు. ఇద్దరి స్క్రీనూ 12 అనే చదివింది, ఒకరు 2 మిగిలాయని రాశారు, ఇంకొకరు 7 అని రాశారు, ఎవరు ఆఖర్న సేవ్ కొడితే వాళ్ళదే నిలుస్తుంది, మీరేమో లేని మూడు పార్టులకి బిల్లు ఇచ్చేశారు. మీ ఎక్సెల్ రోగం ఇదే, సరిగ్గా రాయకపోతే జాంగోలో కూడా ఇదే వస్తుంది. స్టాకుని ఒక అంకెగా పెట్టి దిద్దుకుంటూ పోకూడదు, వచ్చిందీ పోయిందీ ఒక్కోటీ ఒక్కో లైనుగా రాసి కూడుకోవాలి, అమ్మేటప్పుడు ఆ వస్తువు లైనుకి తాళం వేసి లెక్క చూసుకుని బిల్లు పూర్తయ్యాక వదలాలి. దీనికి జాంగోలో సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ ఉంది, ట్రాన్సాక్షన్ లోపల వాడాలి, అంటే అందులోని మార్పులన్నీ కలిపి జరుగుతాయి, లేదంటే ఏదీ జరగదు. ఒక్కటి గుర్తుంచుకోమనండి, మొదట్లో దాంతోపాటు వచ్చే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఈ తాళం పనిచెయ్యదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, అన్నీ బాగున్నట్టే ఉంటుంది. ముగ్గురు బిల్లులు కొట్టే షాపుకి మొదట్నుంచే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పెట్టుకోండి, అదీ ఫ్రీనే.

రెండోది పన్ను. మీ సరుకు మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కదా. రేటు వస్తువు దగ్గర మాత్రమే పెట్టుకుంటే ఆగస్టు నాటి బిల్లు ఇవాళ ప్రింట్ తీస్తే 18తో వస్తుంది, కస్టమర్ దగ్గరున్న కాగితం మీద 28 ఉంటుంది, ఆడిటర్ దగ్గర ఎవరు జవాబు చెప్తారు? రేటు, ధర రెండూ అమ్మిన రోజు ఎంతుంటే అంత బిల్లు లైన్లోకి కాపీ అయిపోవాలి. డబ్బు ఫ్లోట్ ఫీల్డులో దాచొద్దు, డెసిమల్ ఫీల్డులోనే దాచాలి, కంప్యూటర్‌కి ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, ఆ పైసలే నెలాఖరుకి మీ నిద్ర చెడగొడతాయి.

ఇంకోటి, నేను చూసిన కోడ్‌లో తరచూ కనపడేది. బిల్లుని కస్టమర్‌తో ముడేసేటప్పుడు కస్టమర్ని తీసేస్తే బిల్లుల్ని ఏం చెయ్యాలో జాంగో అడుగుతుంది, పిల్లలు ఎక్కడో చూసి కాస్కేడ్ అని రాసేస్తారు. అంటే పాత కస్టమర్ పేరు తీసేసిన రోజు ఆయన బిల్లులన్నీ కూడా పోతాయి, బాకీతో సహా! అక్కడ ప్రొటెక్ట్ అని ఉండాలి.

అకౌంట్లు, రిటర్నులు ఇప్పుడు ట్యాలీలో చేస్తుంటే అక్కడే ఉంచండి, దాన్ని మళ్ళీ తయారుచెయ్యబోతే అబ్బాయి ఏడాది పోతుంది. స్టాకు, కౌంటర్ బిల్లు వరకే చేయించండి. ఆఖరి మాట, అబ్బాయికి రేపు ఉద్యోగం వచ్చి హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతాడు, వెళ్ళాలి కూడా. జాంగోలో చేసినందుకు ఉన్న లాభం అప్పుడు తెలుస్తుంది, టేబుళ్ళు ఏ ఫైల్లో ఉంటాయో, పేజీలు ఏ ఫైల్లో ఉంటాయో అందరూ ఒకే పద్ధతిలో రాస్తారు కాబట్టి ఇంకొకరు వచ్చి అందుకోగలరు. సర్వరు, డొమైను, కోడు దాచిన అకౌంటు మూడూ మీ పేరు మీద మీ ఫోన్ నంబర్‌తోనే తీసుకోండి. వెర్షన్ 5.2 పెట్టమనండి, దానికి 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. డీబగ్ అని, తయారుచేసేటప్పుడు తప్పులు వెతుక్కోడానికి ఉండే సెట్టింగు, అది ఆపకుండా మాత్రం నెట్‌లో పెట్టొద్దు, ఏదైనా తేడా వస్తే లోపల కోడు, సెట్టింగులు వచ్చినవాళ్ళందరికీ కనపడిపోతాయి.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక అమ్మాయి: "ఆఫీసులో జాంగోతో బిల్లుల పేజీ చేశాను, 500 బిల్లులు, పక్కన కస్టమర్ పేరు. తెరవడానికి చాలా టైం పడుతోంది, సర్వర్ పెద్దది తీసుకోమంటారా?"

వద్దమ్మా, డబ్బు దండగ. మీ పక్కనే రైతుబజార్ ఉంది కదా, టమాటాల కోసం ఓసారి వెళ్ళి ఇంటికొచ్చి, మళ్ళీ పచ్చిమిర్చికి ఓసారి వెళ్ళి, మళ్ళీ కొత్తిమీరకి వెళ్తే ఎలా ఉంటుందో మీ పేజీ అదే చేస్తోంది. బిల్లుల కోసం ఒక క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న), తర్వాత ఒక్కో కస్టమర్ పేరుకి ఒక్కోటి, మొత్తం 501. క్వెరీ రాసేచోట సెలెక్ట్ రిలేటెడ్ అని కస్టమర్ని చేర్చండి, ఒక్క క్వెరీలో అన్నీ వచ్చేస్తాయి. బిల్లులో వస్తువులు కూడా చూపించాలంటే ప్రీఫెచ్ రిలేటెడ్, ఇంకొక్క క్వెరీ అంతే. జాంగో డీబగ్ టూల్‌బార్ పెట్టుకుంటే పేజీకి ఎన్ని క్వెరీలు పోతున్నాయో పక్కనే కనిపిస్తుంది, ముందు అది పెట్టుకుని చూడండి.

మధురవాడ నుంచి ఒక తమ్ముడు జావా స్ప్రింగ్ బూటా, జాంగోనా, ఏది నేర్చుకుంటే ఉద్యోగం అని అడిగాడు. నీకు పైథాన్ వస్తే జాంగో, జావా వస్తే స్ప్రింగ్ బూట్, తమ్ముడూ. ఏదైనా ముందు డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ గట్టిగా నేర్చుకో, జాయిన్, ఇండెక్స్, ట్రాన్సాక్షన్ ఈ మూడూ వస్తే ఫ్రేమ్‌వర్క్ మారడం నెల రోజుల పని.

పెదవాల్తేరులో బ్లడ్ టెస్టుల ల్యాబ్ నడిపే ఒకావిడ: "మా జాంగో సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి అదే కంప్యూటర్లో ఇంకో ఫోల్డర్లోకి బ్యాకప్ తీస్తోంది. చాలదా?"

చాలదు మేడం, అస్సలు చాలదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మనం ఊళ్ళోనే ఉన్నాం, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. నా ఫ్రెండ్ ఒకడి ఆఫీసులో కంప్యూటరూ, బ్యాకప్ హార్డ్ డిస్కూ ఒకే బల్ల మీద ఉండేవి, కిటికీ ఊడి రెండూ కలిసి తడిసిపోయాయి. ఒక కాపీ ఈ ఊరికి బయట ఉండాలి, క్లౌడ్‌లో అయినా సరే, పేషెంట్ల వివరాలు కాబట్టి పాస్‌వర్డ్‌తో లాక్ చేసి పంపాలి. డేటాబేస్ డంప్, అంటే టేబుళ్ళ కాపీ, అదొక్కటే తీస్తే సరిపోదు, అప్‌లోడ్ చేసిన రిపోర్టు పీడీఎఫ్‌లు మీడియా ఫోల్డర్లో విడిగా ఉంటాయి, డంప్‌లో రావు, దాన్నీ కాపీ చెయ్యమనండి. ఈ ఆదివారం ల్యాబ్ మూసేశాక ఆ కాపీని వేరే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, పోయిన నెల రిపోర్టు ఒకటి తెరిచి చూడండి, తెరుచుకోకపోతే నాకు మళ్ళీ రాయండి.