అకౌంట్ మారిందన్న మెయిల్ వస్తే

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. చీమకుర్తిలో గ్రానైట్ కంపెనీ అకౌంట్స్‌లో చేరావని, ఎగుమతి బిల్లులూ బయటి దేశాలకు కట్టే డబ్బులూ రెండూ నీ టేబుల్ మీదకే వస్తున్నాయని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు నేను నీకు నేర్పక్కర్లేదు, ఆ విషయంలో నువ్వే నాకు నేర్పాలి. నా ఉద్యోగమంతా ఎగుమతి కంపెనీల లెక్కల్లోనే గడిచింది కాబట్టి ఒక్క విషయం మాత్రం వివరంగా రాస్తున్నాను. ఫోన్లో చెబితే 'సరే పెదనాన్నా' అనేసి మర్చిపోతావు. కాగితం మీదుంటే కనీసం డ్రాయర్లో పడి ఉంటుంది.

ఎవరిదో ఒకరి మెయిల్‌లోకి దూరి, ఇన్‌వాయిస్‌లో బ్యాంకు అకౌంట్ నంబరు మార్చేసి, డబ్బు తమవైపు మళ్లించుకునే మోసం గురించి నేను చెప్పేది. లాటరీ తగిలిందనే మెయిళ్ల లాంటిది కాదిది. నువ్వు నిజంగా బాకీ ఉన్న డబ్బు, నిజంగా కట్టాల్సిన తేదీన, నిజంగా కట్టాల్సినంతే అడుగుతారు. తేడా అకౌంట్ నంబరు ఒక్కటే.

'మెయిల్ జాగ్రత్తగా చూస్తే తెలిసిపోతుందిలే' అనే భ్రమ ముందు వదిలెయ్. కొన్నిసార్లు తెలుస్తుంది. మెయిల్ అడ్రసులో ఎం అక్షరం బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెడతారు, ఎల్ బదులు ఒకటి అంకె పెడతారు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే దొరికే దొంగలు వీళ్లు. అసలు ప్రమాదం రెండో రకంతో. అక్కడ మెయిల్ నీకు బాగా తెలిసినవాళ్ల అసలు మెయిల్‌బాక్స్ నుంచే వస్తుంది. పాత ఉత్తరాల గొలుసు కిందే ఉంటుంది, సంతకం అదే, లోగో అదే, స్పెల్లింగు తప్పు ఒక్కటి ఉండదు. అలాంటప్పుడు మెయిల్‌ని ఎంతసేపు చూసినా ఏం లాభం?

ఆ దొంగ మెయిల్ లోపలికి వచ్చే దారి మామూలుదే. 'షిప్పింగ్ డాక్యుమెంట్లు ఇక్కడ ఉన్నాయి' అని ఓ లింకు వస్తుంది. నొక్కితే మెయిల్ లాగిన్ పేజీ లాంటిదే తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ కొడతాం, అయిపోయింది. ఓటీపీ కూడా అదే పేజీలో కొట్టించుకుని, లాగిన్ అయిన సెషన్‌నే ఎత్తుకుపోయేవాళ్లు కూడా ఉన్నారిప్పుడు. లోపలికి వచ్చాక హడావుడి చేయడు. ఇంట్లో అద్దెకున్నవాడిలా వారాల తరబడి కూర్చుని చదువుకుంటాడు. ఏ కంటైనర్ ఎప్పుడు బయల్దేరింది, అడ్వాన్స్ ఎంత వచ్చింది, బ్యాలెన్స్ ఎప్పుడు కట్టాలి, మీ ఓనర్ ఊళ్లో ఎప్పుడు ఉండరు, అన్నీ. ఈలోగా సెట్టింగ్స్‌లో ఒక రూల్ పెడతాడు. 'పేమెంట్', 'ఇన్‌వాయిస్', 'బ్యాంక్' అన్న మాటలున్న మెయిల్ ఏది వచ్చినా ఇన్‌బాక్స్‌లో కనిపించకుండా, ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ లాంటి ఎవరూ తెరవని ఫోల్డర్లోకి, చదివేసినట్టు మార్క్ అయిపోయి వెళ్లిపోతుంది. అవతలివాళ్లు 'నిజంగా అకౌంట్ మార్చారా?' అని మెయిల్లో అడిగినా, ఆ ప్రశ్న వాడికే చేరుతుంది, 'అవును, మార్చాం' అని జవాబూ వాడే రాస్తాడు. మెయిల్‌కి మెయిల్‌తో ధ్రువీకరణ అడగడం ఎందుకు పనికిరాదో అర్థమైందిగా?

నీ టేబుల్ మీదకి ఇది ఎలా వస్తుందో చూడు. ఇటలీ నుంచి రాయి కోసే డైమండ్ వైరో, గ్యాంగ్‌సా మిషను విడిభాగాలో తెప్పిస్తున్నారనుకో. శుక్రవారం మధ్యాహ్నం మెయిల్ వస్తుంది: 'మా పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈ నెల అందులో డబ్బు తీసుకోలేం, సవరించిన ఇన్‌వాయిస్ జతచేశాం, సోమవారంలోపు అందితే సరుకు వెంటనే పంపిస్తాం.' ఆడిట్, ట్యాక్స్ సమస్య, బ్యాంకు విలీనం, ఈ సాకుల్లో ఏదో ఒకటి ఉంటుంది. శుక్రవారమే ఎందుకంటే, శని, ఆదివారాల్లో అక్కడి ఆఫీసు మూసి ఉంటుంది, ఎవరూ ఫోనెత్తరు. ఆ ఇన్‌వాయిస్‌లో ఐబాన్, అంటే అంతర్జాతీయ బ్యాంకు అకౌంట్ నంబరు చూడు. ఇటలీ బ్యాంకుల ఐబాన్ ఐటీ అనే రెండు అక్షరాలతో మొదలై మొత్తం 27 అక్షరాలు, అంకెలు ఉంటుంది. ఎల్‌టీ అని ఉంటే లిథువేనియా, హెచ్‌యూ అని ఉంటే హంగరీ. ఏ బ్యాంకో చెప్పే స్విఫ్ట్ కోడ్‌లో అయిదు, ఆరు అక్షరాలు కూడా దేశాన్నే చెబుతాయి. మిలాన్ దగ్గరి కంపెనీకి ఉన్నట్టుండి బుడాపెస్ట్‌లో అకౌంట్ ఎందుకు తెరవాల్సి వచ్చింది? అక్కడే ఆగిపో. అయితే ఐబాన్ ఐటీతోనే మొదలైందని నమ్మేయకు. ఇటలీలోనూ అకౌంట్లు అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు.

అకౌంట్ మీద కంపెనీ పేరు సరిపోయినా నమ్మకు. 2013 నుంచి 2015 మధ్య లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ ఏం చేశాడో తెలుసా? గూగుల్, ఫేస్‌బుక్ రెండూ తైవాన్‌లోని క్వాంటా కంప్యూటర్ దగ్గర సామాను కొనేవి. అతను లాత్వియాలో అచ్చం అదే పేరుతో ఒక కంపెనీ రిజిస్టర్ చేయించి, బ్యాంకు అకౌంట్లు తెరిచి, ఆ పేరుతో దొంగ ఇన్‌వాయిస్‌లు పంపించి 12 కోట్ల డాలర్ల దాకా లాగాడు. 2019లో అమెరికా కోర్టు అతనికి 5 ఏళ్ల జైలు శిక్ష వేసింది. వందలమంది అకౌంటెంట్లున్న కంపెనీలకే అలా జరిగింది. కాబట్టి ఒంగోలు, చీమకుర్తిలో మనల్నెవడు చూస్తాడులే అనుకోవద్దు. అమెరికాలో ఎఫ్‌బీఐకి 2023లో అందిన ఫిర్యాదుల ప్రకారమే ఈ తరహా మెయిల్ మోసాల్లో పోయింది దాదాపు 290 కోట్ల డాలర్లు.

ఇక నువ్వు చేయాల్సింది. అకౌంట్ వివరాలు మారాయని ఏ దారిలో కబురొచ్చినా, ఇంకో దారిలో రుజువయ్యేదాకా పైసా కదలకూడదు. ఆ ఇంకో దారి ఫోన్. అదీ నువ్వు చేసే ఫోన్. నంబరు ఆ మెయిల్ కింద సంతకంలోంచి తీసుకోకూడదు, అక్కడ వాడి నంబరే ఉండొచ్చు. మొదటి కాంట్రాక్టులోనో, పాత ఫైల్లోనో ఉన్న నంబరుకే చెయ్యాలి. మాట్లాడేటప్పుడు 'మీ కొత్త అకౌంట్ నంబరు ఇదేనా?' అని నువ్వు చదివి వినిపించకు. అవతలివాళ్లు అన్నిటికీ 'యస్ యస్' అనేస్తారు. నంబరు వాళ్లనే చెప్పమను, నువ్వు కాగితం మీద రాసుకుని పోల్చుకో. ఇటలీకైతే మన మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి, అప్పటికి వాళ్ల ఆఫీసు తెరిచి ఉంటుంది. ఇంగ్లిష్ తడబడితే తడబడనీ, అంకెలేగా. ఎవరితో మాట్లాడావో, ఏ తేదీన, ఎన్ని గంటలకో ఆ ఇన్‌వాయిస్ వెనకే రాసి సంతకం పెట్టు.

వాళ్లే నీకు ఫోన్ చేసి చెప్పారంటే అది లెక్కలోకి రాదు. వీడియో కాల్ అయినా సరే. 2024లో హాంకాంగ్‌లో అరప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి ఒకరు వీడియో కాల్‌లో తమ పై అధికారుల ముఖాలు చూసి, గొంతులు విని, 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపించేశారు. ఆ కాల్‌లో మిగతావాళ్లంతా కంప్యూటర్ సృష్టించిన బొమ్మలే. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ కూడా అంతే.

మన దేశంలో సప్లయర్లకు కట్టేటప్పుడు ఇప్పుడు కొంత నయం. ఒకప్పుడు నెఫ్ట్‌లో, ఆర్టీజీఎస్‌లో పేరు ఏం రాసినా డబ్బు అకౌంట్ నంబరును బట్టే పడేది. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులు డబ్బు పంపే ముందే అకౌంటుదారు పేరు చూపించే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఆ పేరు చూడకుండా బటన్ నొక్కకు. బయటి దేశాలకు బ్యాంకు ద్వారా పంపే టీటీకి (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్) ఈ సౌకర్యం లేదు.

వీటన్నిటికన్నా కష్టమైన పని మీ ఓనర్‌ని ఆపడం. 'పంపించెయ్ అమ్మా, సరుకు ఆగిపోతే మిషను ఆగిపోద్ది' అంటారు. ఆ టైంలో నువ్వు రూల్స్ చెబితే చిరాకుపడతారు. అందుకే టెన్షన్ లేని రోజు చూసి, ఒక పేజీ కాగితం రాసుకెళ్లి సంతకం చేయించుకో: అకౌంట్ మారితే ఫోన్ ధ్రువీకరణ లేకుండా చెల్లింపు లేదు, ఓనర్ చెప్పినా లేదు, ఓనర్ మెయిల్ నుంచి వచ్చినా లేదు. ఎందుకంటే ఆయన మెయిల్ కూడా వాడి చేతిలో ఉండొచ్చు. నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు ఎంట్రీ చేసి, ఇంకొకరు ఆమోదించే పద్ధతి పెట్టించు. చాలా చోట్ల చూశాను, రెండు లాగిన్లూ ఒకే మనిషి దగ్గర ఉంటాయి, ఓనర్ ఓటీపీ ఫోన్లో చదివి చెబుతాడు. ఇక ఇద్దరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మోసం రెండో వైపు నుంచి కూడా వస్తుంది. హ్యాక్ అయింది మన మెయిల్, డబ్బు పోగొట్టుకున్నది మన కొనుగోలుదారు. నాకు తెలిసిన ఒక గ్రానైట్ యూనిట్‌లో ఇదే జరిగింది. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ స్లాబులు ఓడెక్కాయి, బ్యాలెన్స్ కోసం వీళ్లు ఎదురుచూస్తున్నారు. మీరు చెప్పిన కొత్త అకౌంట్‌లోనే కట్టాం అని అవతలివాళ్లు డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ పంపించారు. వీళ్లు అలాంటి మెయిల్ పంపలేదు, కానీ మెయిల్ వీళ్ల సర్వర్ నుంచే వెళ్లింది. డబ్బు అందలేదని వీళ్లు సరుకు విడిపించుకోవడానికి కావాల్సిన ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వరు, మళ్లీ కట్టేది లేదని వాళ్లంటారు, అక్కడ రేవులో కంటైనర్‌కి డెమరేజ్, అంటే ఆలస్యపు ఛార్జీ, రోజూ పెరుగుతోంది. ఇక్కడ బ్యాంకువాళ్లు ఎగుమతి డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వ్ బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో షిప్పింగ్ బిల్లు ఇంకా తెరిచే ఉంది, డబ్బు ఎప్పుడొస్తుందని నోటీసులు. చివరికి ఇద్దరూ చెరిసగం భరించారు, తర్వాత ఆ పార్టీ మళ్లీ ఆర్డర్ ఇవ్వలేదు.

అందుకే సరుకు పంపే ముందు ఇచ్చే మీ ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో, కాంట్రాక్టులో బ్యాంకు వివరాల కిందే ఒక వాక్యం పెట్టించు: మా అకౌంట్ మార్పు ఎప్పుడూ మెయిల్ ద్వారా తెలియజేయం, అలాంటి మెయిల్ వస్తే ఈ నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా కట్టకండి. గొడవ కోర్టు దాకా వెళ్తే ఈ ఒక్క వాక్యం మనవైపు మాట్లాడుతుంది.

మీ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్స్ పేరుతో ఒకే మెయిల్ ఉండి, పాస్‌వర్డ్ నలుగురికీ తెలిసి, మానిటర్‌కి చీటీ అంటించి ఉంటుందని పందెం కాస్తాను. అది ముందు తీయించు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టించు, అదీ ఎస్సెమ్మెస్ కన్నా ఫోన్లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు. నెలకోసారి మెయిల్ సెట్టింగ్స్‌లో మూడు చోట్ల చూడు: రూల్స్ లేదా ఫిల్టర్స్, ఫార్వర్డింగ్, ఏ ఏ డివైజ్‌ల్లో లాగిన్ అయి ఉందో ఆ జాబితా. మీరు పెట్టని రూల్ ఒక్కటి కనిపించినా ఎవడో లోపల ఉన్నట్టే. ముందు దాని ఫొటో తీసి దాచు, ఆ తర్వాతే తీసెయ్. అన్ని సెషన్లూ సైన్ అవుట్ చేసి, వేరే కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మార్చు. రికవరీ ఫోన్ నంబరు మీదేనా అని కూడా చూసుకో. పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటే ఫార్వర్డింగ్ అలాగే పనిచేస్తూ ఉంటుంది.

ఒకవేళ డబ్బు వెళ్లిపోయిందే అనుకో. ఎవరి తప్పు అనే పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు. మొదటి ఫోన్ బ్యాంకుకి, అదీ టీటీ పంపిన ఫారెక్స్ బ్రాంచికి. 'పొరపాటున వెళ్లింది' అని చెప్పకు, 'మోసం జరిగింది' అనే చెప్పు. పొరపాటంటే మామూలు క్యూలో పెడతారు. స్విఫ్ట్‌లో డబ్బు వెనక్కి అడిగే రీకాల్ మెసేజ్ పంపించి, ఆ లావాదేవీ ట్రాకింగ్ నంబరు తీసుకుని, అవతలి బ్యాంకు ఫ్రాడ్ విభాగానికి చెప్పమను. అదే సమయంలో ఇంకొకరితో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించు. మన దేశంలోని అకౌంట్‌కే వెళ్లి ఉంటే, తీసేలోపు ఆపించే అవకాశం ఈ దారిలోనే ఎక్కువ. బయటి దేశానికి వెళ్లి ఉంటే అక్కడి సప్లయర్‌తో కూడా వాళ్ల పోలీసులకు, బ్యాంకుకు అదే రోజు ఫిర్యాదు చేయించు. దొంగ వింటూ ఉంటాడు కాబట్టి ఇదంతా ఫోన్లోనే, మెయిల్లో ఒక్క ముక్క రాయొద్దు.

సిగ్గుపడి, ఓనర్‌కి రేపు చెబుదాంలే అనుకునేవాళ్లు ఉంటారు. డబ్బు ఒక అకౌంట్‌లోంచి పది అకౌంట్లకి చీలిపోవడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

ఆ మెయిళ్లు ఎవరూ డిలీట్ చేయకూడదు. పోలీసులకు ఫార్వర్డ్ చేసిన కాపీ చాలదు, మెయిల్ ఎక్కడి నుంచి ఏ దారిలో వచ్చిందో చెప్పే పూర్తి హెడర్‌తో సహా ఒరిజినల్ కావాలి. కేసు ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్ల కింద, భారతీయ న్యాయ సంహితలో మోసానికి ఉన్న 318 కింద పెడతారు. ఎక్కడైనా అకౌంట్‌లో డబ్బు నిలిపేశారంటే అది వెనక్కి రావడానికి కోర్టు ఉత్తర్వు కావాల్సి రావొచ్చు, దానికి ఓపిక పట్టాలి. మనమే ఓటీపీ కొట్టి పంపించాం కాబట్టి బ్యాంకు భరించాలని వాదించడం కష్టం. మీ కంపెనీకి సైబర్ ఇన్సూరెన్స్ ఉంటే, ఇలా మోసపోయి స్వయంగా పంపిన డబ్బుకి వర్తిస్తుందో లేదో పాలసీ తీసి ముందే చదువు. చాలా పాలసీల్లో అది విడిగా తీసుకోవాల్సిన కవర్.

ఈ ఆదివారం ఖాళీగా ఉంటే మీ సప్లయర్ల జాబితా పట్టుకుని ఇంటికి రా. ఒక్కొక్కరి పాత కాంట్రాక్టు చూసి, ఫోన్ నంబర్లు ఒక రిజిస్టర్లో ఎక్కిద్దాం. కంప్యూటర్లో కాదు, చేత్తో రాసే రిజిస్టర్లోనే. మీ పెద్దమ్మ పులిహోర చేస్తానంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న