పోస్టు తీసేస్తే ‘గొంతు నొక్కారు’ అంటున్నారు, మోడరేటర్ ఏం చెయ్యాలి?

కొన్ని వేలమంది ఉన్న ఆన్‌లైన్ సమూహాన్ని కొత్తగా చూసుకుంటున్నాననీ, తిట్లున్న పోస్టు తీసిన ప్రతిసారీ భావప్రకటన స్వేచ్ఛ మీద గొడవవుతోందనీ రాశారు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. తీసే హక్కు మీకుందా? తీసిన తీరు బాగుందా? జనం మొదటిది అడుగుతున్నట్టు కనిపిస్తారు గానీ, వాళ్ల కోపం దాదాపు ఎప్పుడూ రెండోదాని మీదే.

మొదటిది త్వరగా తేల్చేద్దాం. అందరూ ఉదహరించే, భావప్రకటన స్వేచ్ఛని కాపాడే అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, ప్రైవేటు వేదికని కాదు. అక్కడ ఒక విడ్డూరం కూడా జరిగింది. ఏమీ తియ్యకుండా వదిలేసిన ఆన్‌లైన్ సేవ కంప్యూసర్వ్‌కి సభ్యుల రాతలతో సంబంధం లేదని 1991లో ఒక కోర్టు అంది. పోస్టులు వడకట్టిన ప్రాడిజీ అనే ఇంకో సేవని మాత్రం, వడకట్టారు కాబట్టే మీరు ప్రచురణకర్తలు అని 1995లో ఇంకో కోర్టు అంది. శుభ్రం చేసినవాడికే శిక్ష! ఈ తిరకాసుని సరిచెయ్యడానికే సభ్యుల రాతలకి వేదికని ప్రచురణకర్తగా చూడకూడదని 1996లో చట్టంలో 230వ సెక్షన్ తెచ్చారు. మీ దేశంలో ఏ రాతలు నేరమో అది వేరే లెక్క, అది తెలుసుకునే కూర్చోవాలి.

ఇక తీరు సంగతి. ‘మర్యాదగా మాట్లాడండి’ లాంటి నియమం పనికిరాదు. ఎవరి మర్యాద వాళ్లది కాబట్టి, మీకు నచ్చనివాళ్ల మీద ప్రయోగిస్తున్నారనే అంటారు. ఏం రాయకూడదో, ఏం రాయొచ్చో పక్కపక్కనే చెప్పాలి: ‘సభ్యుల పుట్టుక, రూపం, కుటుంబం మీద మాటలు తీసేస్తాం. వాళ్ల వాదన ఎంత అర్థరహితమో ఎంత ఘాటుగానైనా రాయొచ్చు.’ ఇలాంటివి ఏడెనిమిది చాలు, ప్రతిదానికీ ఒక అంకె ఇవ్వండి. అంతకు మించితే ఎవరూ చదవరు.

పోస్టు తీస్తే సందేశం వెళ్లాల్సిందే. అందులో నాలుగు ఉండాలి: ఏ వాక్యం, ఏ నియమం, ఎలా మారిస్తే ఉంచుతారు, అభ్యంతరం ఎక్కడ చెప్పాలి. ‘రెండో పేరాలోని ఈ వాక్యం 3వ నియమం కిందికి వస్తుంది. అది తీసి మళ్లీ పెట్టండి, ఉంచుతాం. ఒప్పుకోకపోతే ఇక్కడే జవాబివ్వండి, వేరొక మోడరేటర్ చూస్తారు.’ తీసినవాళ్లే అప్పీలు కూడా చూస్తే అది అప్పీలు కాదు. కారణం చెప్పడం ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టంలో వేదికల బాధ్యతగానే ఉంది. చట్టం లేని చోట కూడా ఈ ఒక్క అలవాటు సగం గొడవల్ని మొదలవకుండానే ఆపుతుంది. చెప్పకుండా ఒకరి పోస్టులు మిగతావాళ్లకి కనబడకుండా చేసే షాడో బ్యాన్ చెత్త ప్రకటనలు గుప్పించే స్పామ్ బాట్ల (యంత్ర ఖాతాల) మీదైతే సరే. మనుషుల మీద వాడితే ఏదో ఒక రోజు బయటపడుతుంది, ఆ తర్వాత మీరు నిజాయతీగా చేసిన పనుల్ని కూడా నమ్మరు.

అన్నీ ఒకే మెట్టు మీద పెట్టకండి. మాట తూలితే హెచ్చరిక, మళ్లీ చేస్తే 24 గంటల నిషేధం, తర్వాత 7 రోజులు, శాశ్వత నిషేధానికి ఇద్దరు మోడరేటర్లు ఒప్పుకోవాలి. చర్చ వేడెక్కితే పోస్టులు పీకడం కంటే ఒక్కొక్కరికి పది నిమిషాలకి ఒక వ్యాఖ్య అని స్లో మోడ్ పెట్టడం మేలు. ఎవరి మాటా పోదు, ఊపు మాత్రం తగ్గుతుంది. దీనికి మినహాయింపులున్నాయి. ప్రాణహాని బెదిరింపు, ఇతరుల ఫోన్ నంబరు, చిరునామా కనిపిస్తే ముందు తీసి తర్వాత మాట్లాడాలి. అసలు పోస్టుతో పాటు దాన్ని కోట్ చేసిన జవాబులు కూడా తీయాలి, అందరూ మర్చిపోయేది ఇక్కడే. పిల్లల లైంగిక చిత్రాలైతే స్క్రీన్‌షాట్ తియ్యొద్దు, తోటి మోడరేటర్‌కి కూడా పంపొద్దు. లింకుతో నేరుగా వేదిక యాజమాన్యానికి, పోలీసులకి చెప్పాలి.

ఇన్ని రిపోర్టులొస్తే పోస్టు దానంతటదే మాయమయ్యే ఏర్పాటు ఉంటే ఆపేయండి. పదిమంది కూడబలుక్కుంటే ఎవరి నోరైనా మూయించొచ్చు. రిపోర్టు అనేది చూడమని చెప్పే గంట మాత్రమే.

చెడ్డ పోస్టుల్ని తామే పట్టే ఫిల్టర్లని నమ్ముకునే ముందు ఈ లెక్క చెయ్యండి. రోజుకి 10,000 పోస్టులు, అందులో 100 చెడ్డవి అనుకుందాం. ఫిల్టరు చెడ్డవాటిలో 95 శాతం పట్టి, మంచివాటిలో 5 శాతాన్ని పొరబాటున పడుతుంది. పట్టిన చెడ్డవి 95, అమాయకమైనవి 495. అంటే పట్టినవాటిలో ఆరింట అయిదు తప్పు. అందుకే ఫిల్టరు తాను పట్టిన పోస్టుని తనంతట తీసెయ్యకూడదు, మనిషి చూసే వరుసలో పెట్టాలి. 1996లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవ ఫిల్టరు ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ ఊరివాళ్లని ఖాతా తెరవనివ్వలేదు, ఊరి పేరులోని అక్షరాల్లో బూతు దొరికిందని. తెలుగుకి చిక్కులు ఇంకా ఎక్కువ. విభక్తి చేరగానే మాట రూపు మారుతుంది కాబట్టి పూర్తి మాట వెతికితే దొరకదు, ముక్క వెతికితే మంచి మాటలు కూడా చిక్కుతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక్కో తిట్టుకి డజను స్పెల్లింగులు. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు మాట మధ్యలో చేరినా పోలిక తప్పుతుంది. వెతికే ముందు దాన్ని తొలగించేలా పెట్టుకోండి.

తీసిన ప్రతిదానికీ తేదీ, నియమం అంకె, తీసినవారి పేరు, పోస్టు పాఠం రాసిపెట్టండి (పైన చెప్పిన చిత్రాలవి తప్ప). నెలకోసారి అందులోంచి 20 తీసి, అప్పటి నిర్ణయం చూపించకుండా ఇంకో మోడరేటర్‌ని తేల్చమనండి. నాలుగైదింట్లో తేడా వస్తే తప్పు మనుషులది కాదు, నియమం మాటల్లో ఉంది. తిరగరాసి, అమల్లోకి వచ్చే తేదీ ముందే ప్రకటించండి. పాత పోస్టుల్ని కొత్త నియమంతో తవ్వకండి.