తెల్ల రంగు చల్లదనం, గాలిలోంచి నీళ్లు

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా తెల్లని రంగు అమెరికాలో తయారు చేశారనీ, మేడ మీద వేస్తే ఏసీ అక్కర్లేదనీ వీడియోలు తిరుగుతున్నాయి. మా శ్లాబుకి వేయించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, పలాస

జవాబు: రంగు నిజమేనండీ, ఏసీ మాటే అతి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియులిన్ రువాన్ బృందం 2021లో దాన్ని ప్రకటించింది. మామూలు తెల్ల రంగుల్లోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాల్ని మింగేస్తుంది. వీళ్లు దాని బదులు బేరియం సల్ఫేట్ వాడారు. చిన్నా పెద్దా రేణువులు కలిపి దట్టించడంతో ఎండలోని అన్ని రకాల కిరణాలూ చెదిరి, 98.1 శాతం వెనక్కి పోతాయి. మన దుకాణాల్లో దొరికే సరుకు కాదు.

దొరకలేదని దిగులు పడనక్కర్లేదు, లెక్క చూడండి. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. పాచిపట్టి నల్లబడిన శ్లాబు అందులో 700 వాట్ల పైనే తాగుతుంది. కొత్తగా వెల్ల వేసినది 200–300, ఆ రంగు 19. అంటే లాభంలో పెద్ద వాటా సున్నంతోనే వచ్చేస్తుంది. ఇక ఆ రంగు గురించి చెప్పే ‘చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడటం’ అన్నది, వేడి కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి పోవడం వల్ల. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఆ దారి మూసుకుపోతుంది. మన తీరం ఉక్కలో ఆ గుణం మీద ఆశ పెట్టుకోకండి.

వెయ్యి చదరపు అడుగులకు, రెండు పూతలకు, సుమారు 25 కిలోల సున్నం పడుతుంది. గుల్ల సున్నమైతే తెలుపు బాగుంటుంది. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, సున్నం కొద్దికొద్దిగా వేయండి. సున్నం మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా ఉడికి మొహం మీదకి చిందుతుంది. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి ఆగదు, కళ్లద్దాలు తప్పనిసరి. రాత్రంతా నాననిచ్చి గుడ్డతో వడకట్టండి. రెండు మూడు కిలోల తెల్ల సిమెంటు, వెల్లలో కలిపే జిగురు ఒక కిలో, వేసే ముందే కలపాలి. సిమెంటు ముందురోజే కలిపితే గడ్డకడుతుంది.

పాచి గీకి, శ్లాబు తడిపి, సాయంత్రం పల్చగా వేయండి. మర్నాడు రెండో పూత అడ్డంగా వేసి, రెండు రోజులు నీళ్లు చిలకరించండి. చాలామంది దగ్గర వెల్ల పొడిలా రాలిపోయేది ఇక్కడే: కాలుతున్న శ్లాబు నీటిని పీల్చేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి రాయిలా గట్టిపడే వ్యవధి ఉండదు. మార్చిలో వేసుకోండి. అక్టోబరు, నవంబరు తుపానులకు కొంత పోతుంది, ఏటా ఒక పూత తప్పదు.

జింకు రేకులకు మాత్రం వద్దు, సున్నం జింకుని తినేస్తుంది. వాటికి తెల్ల ఎక్రిలిక్ రంగు వాడండి. ఆస్‌బెస్టాస్ రేకుల్ని పొడిగా గీకకండి, ఆ నూగు ఊపిరితిత్తులకు ప్రమాదం.

ప్రశ్న: బేరియం సల్ఫేట్ అంటే మన మంగంపేట ముగ్గురాయేగా? పొడి తెచ్చి ఫెవికాల్‌తో కలిపేస్తే?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పదార్థం అదే, కానీ పని అవదు. మంగంపేట ముగ్గురాయి ఎక్కువగా బూడిదరంగు. చమురు బావుల తవ్వకంలో బరువుకోసం వాడే సరుకు అది. తెలుపు ముఖ్యమైనచోట ఆ రంగే ఎండని పట్టేస్తుంది. పైగా రేణువులు మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా చిన్నవి కావాలి, మిల్లు పొడి అంత మెత్తగా రాదు.

ప్రశ్న: గాలిలోంచి నీళ్లు తీసే పదార్థానికి నోబెల్ వచ్చిందట. మా ఉద్దానానికి పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: 2025 రసాయనశాస్త్ర నోబెల్ కితగావా, రాబ్సన్, యాఘీలకు వచ్చింది. లోహపు పరమాణువుల్ని కడ్డీల్లాంటి కర్బన అణువులతో కలిపి అల్లిన, లోపలంతా ఖాళీ గదులుండే స్ఫటికాలకు. రాత్రి ఆ గదుల్లో ఆవిరి చేరుతుంది, పగలు ఎండకి విడుదలవుతుంది. వాటి గొప్పతనం ఎడారిలో, తేమ 20 శాతం ఉన్నప్పుడు కూడా పనిచేయడం. మీ దగ్గర ఆ కొరత లేదు. 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉంటే ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీరుంటుంది. మామూలు కూలింగ్ కాయిల్‌తో 10 డిగ్రీలకు దించితే సుమారు 15 గ్రాములు కారుతుంది. లీటరు కావాలంటే దాదాపు 67 ఘనపు మీటర్ల గాలి నడపాలి, కరెంటు ఖర్చు అక్కడే. ఊరంతటికీ తాగునీరుగా అది గిట్టదు, గొట్టాల్లో వచ్చే వంశధార నీటికి సాటి రాదు.

ఏసీ పైపులోంచి కారేదీ ఇలా వచ్చిన నీరే. మొక్కలకు పోయండి. కాయిల్ మీది దుమ్ము, లోహపు మడ్డి కలుస్తాయి గనక తాగొద్దు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొద్దు.